మిల్లీమీటరుకు 3,721 రూపాయలు

హైదరాబాద్‌లో కాంపాక్ట్ ఎస్‌యూవీ నడిపేవాడికి లేని బెంగ ఒకటి జహీరాబాద్‌లో నడిపేవాడికి ఉంటుంది. అక్కడ ముందూ వెనకా హ్యాచ్‌బ్యాకులు, స్కూటర్లే కాబట్టి మన బండి కాస్త ఎత్తుగానే కనిపిస్తుంది. ఇక్కడ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే చాలు, ట్రెయిలర్ల మీద వరసగా నిలబడి పోతున్న కొత్త ట్రాక్టర్లు ఎదురొస్తాయి. మహీంద్రా వాళ్ల ట్రాక్టర్ ఫ్యాక్టరీ మా ఊళ్లో 2013 నుంచి ఉంది. అంతకు చాలా ముందు, ఎనభైల్లోనే, ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు ఇక్కడ తయారయ్యేవి. 1989లో ఆ ఫ్యాక్టరీ కూడా మహీంద్రా చేతికే వచ్చింది. అంటే మా ఊళ్లో పుట్టే బండి దున్నడానికో, మోయడానికో పుడుతుంది. వాటి మధ్య నా తెల్ల బండి, నాట్లు పడుతున్న పొలానికి ఇస్త్రీ చొక్కాతో వచ్చిన పట్నం చుట్టంలా ఉండేది.

దాని జన్మస్థలం కూడా అడవో కొండో కాదు, బడ్జెట్ పత్రం. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, ఇంజిన్ పెట్రోలైతే 1200, డీజిలైతే 1500 సీసీలకు మించకుండా ఉన్న కార్లకు 2006 బడ్జెట్‌లో ఎక్సైజ్ సుంకం తగ్గించారు. ఆ తర్వాత కంపెనీలు అదే నాలుగు మీటర్లలో ఎత్తైన బానెట్‌నీ, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్‌నీ ఇరికించి ఎస్‌యూవీ అన్నాయి. మనం కూడా అన్నాం. నాదీ ఆ జాతే. ఇంజిన్ బలమంతా ముందు చక్రాలకే పోతుంది, వెనక చక్రాలు ఊరికే వెంట వస్తాయి. కంపెనీ పేరు చెప్పను. ఇందులో దాని తప్పేమీ లేదు.

నేను బ్యాంకు ఉద్యోగిని. ట్రాక్టర్ లోన్ల ఫైళ్లు నా బల్ల మీదుగానే పోతాయి. చెరకు రైతో, అల్లం రైతో, ఆలుగడ్డ రైతో వచ్చి కూర్చుంటే కళ్లద్దాలు సవరించుకుని కొన్ని ప్రశ్నలు వేస్తాను. ఎన్ని ఎకరాలు? ఏ నేల? ఇంత హార్స్‌పవర్ నిజంగా అవసరమా? ఏడాదికి ఎన్ని గంటలు నడుస్తది? జవాబు కుదరకపోతే కొంచెం చిన్న మోడల్‌కి కొటేషన్ తెమ్మంటాను. ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా నాకు నేను వేసుకోలేదు. వేసుకుని ఉంటే ఫైలు మొదటి పేజీలోనే వెనక్కి వచ్చేది.

ఇంట్లో నేను చెప్పిన కారణం మామగారి పొలం. న్యాల్‌కల్ మండలంలో కందీ జొన్నా పండే రెండెకరాలు. తార్రోడ్డు దిగాక పొలం దాకా ఎడ్లబండ్ల బాట. మొదటి సగం మొరం, రెండో సగం నల్ల రేగడి.

"బండి కింద తాకుతుంది," అన్నాను.

"ఎప్పుడు తాకింది?" అంది మా ఆవిడ.

"తాకొచ్చు."

మామగారు అదే బాటలో రోజూ మోపెడ్ మీద, ముందు ఎరువు బస్తా పెట్టుకుని పోతారన్న సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

రెండో కారణం అడవి. మాకు దగ్గరున్న అడవి కర్ణాటక సరిహద్దు అవతలి చించోళిది. గొట్టంగుట్ట వైపు పోతుంటే ఎర్రమట్టి, బండలు, చెట్లు చూసి ఎవరికైనా స్టీరింగ్ పక్కకు తిప్పాలనిపిస్తుంది. అయితే 2011 నుంచి అది వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ బాట విడిచి బండి దింపితే అడవి శాఖ వాళ్లు టైర్లు చూసి ముచ్చటపడరు, మన పేరు రాసుకుంటారు. కాబట్టి ఆ కారణమూ ఎక్కువ దూరం నడవలేదు.

అసలు కారణం ఇప్పుడు చెప్తున్నాను. నన్ను చూసినవాళ్లు 'ఈయన రోడ్డు లేకున్నా పోగలడు' అనుకోవాలి. పోవడం నాకు అంత ముఖ్యం కాదు.

మొదట టైర్లు. మొబైల్లో వీడియోలు చూసీ చూసీ ఆల్ టెరైన్ టైర్ల గళ్లు నిద్రలో కూడా కనపడే దశకు వచ్చాక షాపుకి పోయాను. నా బండికి కంపెనీ ఇచ్చినవి 215/60 ఆర్16. షాపతను 215/65 వేసుకోమన్నాడు. "సార్, బండి లేచి నిలబడ్తది చూడండి," అన్నాడు. నాలుగు టైర్లు, బిగింపు, బ్యాలెన్సింగ్ కలిపి 40,000. పాత టైర్లు కొంటానంటే ఇవ్వలేదు, డిక్కీలో రెండు, వెనక సీటు మీద రెండు వేసుకుని ఇంటికి తెచ్చి డాబా మీద పెట్టాను. పాతవి ఎందుకు దాచానో అప్పుడు నాకే తెలియదు. తర్వాత బాగా తెలిసొచ్చింది.

మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్. ఈ ఒక్క వాక్యం షాపుకి పోయేముందు గుర్తుచేసుకుని ఉండాల్సింది.

"ఎంత పెరిగింది?" అంది.

"చాలా పెరిగింది. చూస్తే తెలుస్తలేదా?"

ఆమె టైరు పక్కన గొంతుక్కూర్చుని దాని మీది అంకెలు చదివింది. లెక్క పేపర్ మీద కాదు, పాల ప్యాకెట్ల లెక్క రాసే క్యాలెండర్ వెనక చేసింది. 215 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే ఆ వెడల్పులో అరవై శాతం గోడ ఎత్తు, అంటే 129 మిల్లీమీటర్లు. 65 అయితే 139.75. రిమ్ము అదే, పదహారంగుళాలు, మారలేదు. గోడ పైనొకటి, కింద ఒకటి. బండిని లేపేది కిందది మాత్రమే. తేడా 10.75 మిల్లీమీటర్లు.

"ఒక సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ," అంది. తర్వాత నలభై వేలని 10.75తో భాగించింది. "మిల్లీమీటరుకు మూడు వేల ఏడువందల ఇరవై ఒక్క రూపాయ."

ఆ అంకె మా ఇంట్లో స్థిరపడిపోయింది. మా వాడు ఎత్తు పెరిగాడని చుట్టాలంటే, ఎంత ఖర్చయిందని నన్ను చూసి అడుగుతుంది.

లెక్క అక్కడితో ఆగలేదు. చక్రం చుట్టుకొలత మూడు శాతం పెరిగింది కాబట్టి స్పీడోమీటర్ వంద చూపిస్తే బండి అసలు నూటమూడు మీద ఉన్నట్టు. సదాశివపేట దాకా పోయివస్తే కిలోమీటర్లు కూడా అంతే తక్కువ పడతాయి. ఇది నాకు బాగా కలిసొచ్చింది. మైలేజీ పడిపోయిందని ఆమె అన్నప్పుడు, "పడిపోలేదు, మీటరు తక్కువ చూపిస్తోంది," అన్నాను. ఆమె ఆ మూడు శాతం కలిపి మళ్లీ చేసింది. అయినా పడిపోయింది. గళ్లు లోతుగా, బరువు ఎక్కువగా ఉన్న టైరు దొర్లడానికి ఎక్కువ పెట్రోలు తాగుతుంది. దానికి ఏ మీటరూ అడ్డుపడదు.

"మరి స్టెప్నీ?" అంది చివర్లో.

స్టెప్నీ పాతదే, చిన్నదే.

"అంటే రోడ్డు లేని చోట పంక్చరైతే రోడ్డు టైరు వేసుకుంటరు."

మామగారు లెక్కలు వేయరు, చెవితో చూస్తారు. ఆల్విన్ నిస్సాన్ రోజుల్లో ఫ్యాక్టరీలో చేరి అక్కడే రిటైరైన మనిషి. బండి గేటు ముందు ఆగుతుంటే లోపల్నుంచే, "అల్లుడా, గా ఊఁ ఊఁ అనేది ఏంది?" అని అడిగారు. ఆల్ టెరైన్ టైర్ల చప్పుడని చెప్పాను. "నేను బేరింగ్ పోయిందేమో అనుకున్న," అన్నారు. బేరింగ్ కాదని తెలిశాక ఆయన ముఖంలో ఊరట కనపడలేదు.

10.75 అనే అంకె తలలో తిరుగుతుంటే మనిషి ఊరుకోలేడు. స్పేసర్ల దాకా అలా వచ్చాను. ముందు సస్పెన్షన్ పైభాగంలో, వెనక స్ప్రింగుల దగ్గర పాలీయురేథేన్ దిమ్మలు పెడితే బండి ఇరవై ఐదు మిల్లీమీటర్లు లేస్తుంది. బిగించిన భాయ్ మంచి పనివాడు. "లేస్తది సార్. గానీ యాక్సిల్ వంకర ఎక్కువైతది, సీవీ జాయింట్ మీద జోర్ పడ్తది. అలైన్‌మెంట్ చేయించుకోవాలె," అని ముందే చెప్పాడు. నేను ఊఁ అన్నాను. జబ్బు ముదిరినవాడు డాక్టరు మాటకి ఊఁ అనే పద్ధతి అది.

ఈసారి మా ఆవిడ క్యాలెండర్ తేలేదు. స్కూల్లో బ్లాక్‌బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానిని తెచ్చింది. ముందు టైరు నేలను తాకే చోటు నుంచి బంపర్ కింది అంచు దాకా ఒక దారం పట్టుకోమంది నన్ను. ఆ దారానికీ నేలకీ మధ్య వచ్చేదాన్ని అప్రోచ్ యాంగిల్ అంటారు; ఎదురొచ్చే ఎత్తు ఎంత నిటారుగా ఉంటే ముక్కు తగలకుండా ఎక్కగలదో చెప్పే కోణం. మా పక్కింటావిడ కాంపౌండ్ గోడ మీదుగా చూస్తుండగా నేను ఇంటి ముందు మోకాళ్ల మీద కూర్చుని దారం పట్టుకున్నాను. ఇరవై నాలుగు డిగ్రీలు అటూ ఇటూగా వచ్చింది.

"థార్‌కి ఎంత?"

నోరు మూసుకోవాల్సింది. కానీ ఇలాంటి అంకెలు నాకు బట్టీ. "నలభై ఒకటి పాయింట్ ఎనిమిది."

ఆమె కోణమానిని గోడకు ఆనించి లోపలికి పోయింది.

స్పేసర్ల అసలు ఫలితం ఝరాసంగం పోయిన రోజు బయటపడింది. అక్కడి కేతకీ సంగమేశ్వరుడు అమ్మకు ఇష్టదైవం. శివపూజకు వాడరాదనే మొగలిపువ్వు ఆ గుళ్లో స్వామికి పెడతారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. టైరూ దిమ్మా కలిసి బండి లేచింది మూడున్నర సెంటీమీటర్లే. ఎక్కే మోకాలికి మాత్రం అది మూడు మెట్లంత. ఒక కాలు లోపల పెట్టి, రెండోది నేల మీద వదల్లేక, తలుపు పట్టుకుని అలాగే నిలబడి, "గింత ఎత్తుంటె ఎట్లెక్కాలె బిడ్డా? నిచ్చెన గూడ కొన్నవా?" అంది. మా ఆవిడ వంటింట్లోంచి కూరగాయలు తరిగేటప్పుడు కూర్చునే చెక్కపీట తెచ్చి బండి పక్కన వేసింది. అప్పట్నుంచి అది డిక్కీలోనే ఉంటుంది. నేను కొన్న సామానంతటిలో, టో స్ట్రాపు, కంప్రెసర్, ఇసుకలో చక్రం కింద వేసే నారింజ రంగు పలకలు అన్నిటిలో, రోజూ వాడకంలో ఉన్నది ఆ పీటే. అదీ నేను కొన్నది కాదు. ఆ పలకల్ని కూడా చెప్పేస్తాను, మేం తిరిగే దారుల్లో ఇసుక లేదు.

గుడి నుంచి వస్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్ దిగగానే కింద 'టక్' మని చప్పుడు. స్ప్రింగు దగ్గర దిమ్మ పెట్టి లేపిన వెనక సస్పెన్షన్‌కి కిందికి సాగే జాగా తగ్గిపోతుంది కదా, చక్రం వేలాడగానే షాక్ అబ్జార్బర్ చివరికంటా వచ్చి ఆగిన చప్పుడది. మలుపుల్లో బండి కొంచెం ఎక్కువ ఒరుగుతోంది కూడా. వెనక సీట్లో మామగారు కళ్లు మూసుకుని అమ్మవారి పేరేదో తలుచుకున్నారు. శివుడి గుడి నుంచి వస్తూ అమ్మవారిని తలుచుకోవడమంటే పరిస్థితి కొంత తీవ్రమైనదే.

అయినా బుద్ధి రాలేదు. బంపర్ ముందు ఇనప గార్డు పెట్టిద్దామనుకుంటున్నట్టు భోజనాల దగ్గర ఊరికే అన్నాను. మా ఆవిడ మరునాటికి మోటారు వాహనాల చట్టం చదివేసింది. 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. ఇనప గార్డు వద్దని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు ఎదుటి మనిషికి ఎక్కువ దెబ్బ తగులుతుంది, దెబ్బను గార్డు పట్టేసుకుంటే మన ఎయిర్‌బ్యాగ్ వేళకు తెరుచుకోకపోవచ్చు.

"ఒక్కో మార్పుకి ఐదు వేలు," అని మళ్లీ చదివింది. "మనకు ఎన్ని ఉన్నయి?"

ఆరు నెలల ఆప్షన్ ఎంచుకుంటే పెట్రోలు ఖర్చు మిగులుతుందని నేను అనలేదు. అనుకున్నాను. స్పేసర్లు మాత్రం ఆ వారమే తీయించేశాను. భాయ్ ఏమీ అనలేదు. దిమ్మల్ని బట్టతో తుడిచి, కవర్లో పెట్టి ఇచ్చాడు. అలైన్‌మెంట్‌కి మళ్లీ డబ్బులు.

ఇక రేగడి సంగతి. వానాకాలం మొదలయ్యాక ఒక ఆదివారం పొలానికి బయల్దేరితే మామగారు బాట మధ్యలో చెయ్యి అడ్డం పెట్టారు. "మొరం అయిపోయింది అల్లుడా. ఇంక దింపకు." నల్ల రేగడిలోని బంకమట్టి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, దేన్ని తాకితే దానికి అంటుకుంటుంది. నేను ముచ్చటపడి కొన్న లోతైన గళ్లు మొదటి నాలుగు చుట్లలోనే మట్టితో నిండిపోతాయి. అప్పుడు అది ఆల్ టెరైన్ టైరు కాదు, నున్నటి నల్ల గుండు. ట్రాక్టరు టైరుకి ఏటవాలుగా, దూరదూరంగా ఉన్న మందపాటి పట్టీలు ఊరికే పెట్టలేదు. తిరిగేటప్పుడు మట్టిని పక్కలకు తోసి తనను తాను కడుక్కునే ఏర్పాటది. అదే పట్టీల్ని నేను ఎన్ని కొటేషన్లలో చూసి సంతకం పెట్టానో. బండిని మొరం మీదే ఆపి నడిచిపోయాం. చెప్పులకు అంటిన మట్టితో నా గ్రౌండ్ క్లియరెన్స్ మాత్రం రెండంగుళాలు పెరిగింది. పైసా ఖర్చు లేదు. గడ్డిమోపు పెట్టుకుని మోపెడ్ మీద పోతున్న పిల్లవాడు "బండి ఖరాబైందా అంకుల్?" అని ఆగి మరీ అడిగాడు.

సంక్రాంతి వేళ పస్తాపూర్‌లోని డీడీఎస్ అనే సంస్థ వాళ్ల పాత పంటల జాతర బండ్లు ఊరూరా తిరుగుతాయి. అలంకరించిన ఎడ్లబండ్ల మీద కొర్రలు, సామలు, జొన్నల విత్తనాలు పెట్టుకుని, పాటలు పాడుకుంటూ సంఘం ఆడవాళ్లు పోతారు. అందరూ విత్తనాలు చూస్తుంటే నేను చక్రాలు చూశాను. నా కొత్త టైరు నిలువు అరవై తొమ్మిది సెంటీమీటర్ల లోపే. ఎడ్లబండి చక్రం అంతకు రెట్టింపుకి దగ్గరగా ఉంటుంది. గుంత ఎంతదైనా పెద్ద చక్రం అంచుల మీదుగా దొర్లిపోతుంది. ఇరుసు కింద ఉన్న ఖాళీలో మా అమ్మ కూర్చోవచ్చు. పీట అవసరం లేకుండా.

ఆ చలికాలంలోనే అసలు పరీక్ష జరిగింది. ఎండిన మొరం బాటలో, పొలానికి ముందు, చిన్న ఎక్కుడు ఒకటుంది. పైన గులకరాళ్లు వదులుగా పడి ఉంటాయి. నేను ఊపుగా ఎక్కబోతే ముందు చక్రం ఒకటి గిర్రున తిరిగి రాళ్లు వెనక్కి విసిరింది, బండి పక్కకు జరిగింది. మళ్లీ చేశాను. మళ్లీ అదే. మామగారు దిగి, వేప పుల్ల ఒకటి విరిచి, టైరు వాల్వులో గుచ్చి పట్టుకున్నారు. సుయ్యిమని గాలి పోతుంటే నాకు గుండె పోతున్నట్టుంది. నాలుగింటికీ అంతే చేసి, బొటనవేలితో నొక్కి చూసి, "ఇగ పోనియ్యి," అన్నారు. గేజ్ పెట్టి చూశాను. 33 ఉండాల్సింది 21కి వచ్చింది. మొదటి గేరులో మెల్లగా వదిలితే బండి చప్పుడు లేకుండా ఎక్కిపోయింది. గాలి తగ్గిన టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుని, రాళ్ల మీద దూకకుండా వాటిని తనలో కలుపుకుని పోతుంది. వీడియోల్లో ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. గాలి దించడానికి డబ్బు పెట్టక్కర్లేదు కాబట్టి చెవిన పడలేదు.

"చూశారా టైర్లు!" అన్నాను పైకి చేరాక.

"టైర్లా, గాలా?" అంది మా ఆవిడ వెనక నుంచి. "రెండు మార్పులు ఒక్కసారి చేస్తే ఏది పని చేసిందో ఎట్ల తెలుస్తది? తొమ్మిదో తరగతి పిల్లలకు గూడ తెలుసు గది."

తర్వాతి ఆదివారానికి డాబా మీది పాత టైర్లు కిందికి దిగాయి. మార్చినందుకు షాపులో డబ్బులు తీసుకుంటూ అతను ఒక్కటే అడిగాడు, "ఏమన్నా ప్రాబ్లమా సార్?" ప్రాబ్లం వెనక సీట్లో నోట్‌బుక్కుతో కూర్చుని ఉంది. అదే ఎక్కుడు, అదే గేరు. 33 గాలితో పాత టైర్లు కొత్తవాటిలాగే జారాయి. 21కి దించాం. మామగారు ఈసారి పుల్ల ముందే విరుచుకుని తెచ్చారు.

ఎక్కింది. అంతే మెత్తగా, అంతే నిశ్శబ్దంగా, పైగా ఆ ఊఁ ఊఁ లేకుండా.

నలభై వేల రూపాయల పరువు కోసం నేను వెంటనే నోరు విప్పాను. గాలి తగ్గించినప్పుడు టైరు పక్కగోడ ఉబ్బుతుంది, పదునైన రాయి తగిలితే మామూలు టైరు గోడ చీలిపోవచ్చు, ఆల్ టెరైన్ వాటి గోడ గట్టిది, తట్టుకుంటుంది, అన్నాను. ఎప్పటిలాగే ఏదో ఒకటి అనాలని అన్నాను గానీ, అన్నాక అది నిజమేనని గుర్తొచ్చింది. ఆమె పాత టైరు గోడ మీద వేలు పెట్టి చూసింది. కొత్తగా గీసుకుపోయిన గీత ఒకటి ఉంది.

"ఇది మొదలే చెప్పుంటే ఐపోవు గద," అంది. "ఎత్తు ఎత్తు అని ఎందుకన్నరు?"

కింద తార్రోడ్డు అంచున ఆగి గాలి నింపడం మొదలుపెట్టాను. ఆ చిన్న కంప్రెసర్‌తో నాలుగు టైర్లు నింపేసరికి అమ్మ తెచ్చిన జొన్న రొట్టెలూ కోహీర్ జామకాయలూ అయిపోయాయి, మామగారు కునుకు తీసి లేచారు. కొత్త టైర్లు అమ్మితే సగం ధర కూడా రాదని తేల్చి, మా ఆవిడ వాటినే బండికి మళ్లీ వేయిద్దామంది. పాతవి మళ్లీ డాబా మీదికి. మా వాడకానికి ఆ గళ్లు అరగడానికి ఎన్నేళ్లు పడుతుందో కూడా లెక్కేసింది; అంతకుముందే రబ్బరు గట్టిపడిపోతుందట. కాబట్టి పెట్టిన డబ్బు రావాలంటే ఇంకా తిరగాలంది. ఇన్నేళ్ల కాపురంలో నా ఖర్చు ఒకదాన్ని ఆమె సమర్థించగా చూడటం అదే మొదలు. కారణం ఏదైతేనేం.

పోయిన ఆదివారం గొట్టంగుట్ట పోయాం. తాళాలు ఆమె దగ్గరున్నాయి. బాట మొదట్లో బండి ఆపి, అద్దం దించి, "ఎంతకు దించుడు?" అని నన్నడిగింది.

"ఇరవై రెండు."

"నాలుగింటికీనా? బరువు, లాగుడు రెండూ ముందు చక్రాల మీదే గద. వెనకవి ఎంతుండాలె?"

నా దగ్గర జవాబు లేదు. గేజ్ పట్టుకుని కిందికి దిగాను. మామగారు అప్పటికే వేపచెట్టు వైపు నడుస్తున్నారు.